సబ్ కాంట్రాక్టులు, పని షెడ్యూలు: నల్గొండ, పాలమూరు వైపు ఇల్లు, బిల్డింగ్ కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇల్లు కట్టుకునేవాళ్లు, చిన్న అపార్ట్‌మెంట్లు వేసే బిల్డర్లు, సైట్‌లో కొత్తగా చేరిన ఇంజినీర్లు అడిగే ప్రశ్నలివి. రేట్ల జోలికి పోలేదు. అవి నెలనెలా మారతాయి, ఊరూరికీ మారతాయి. పని ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, ఆగకుండా ఏం చేయొచ్చు అన్నంతవరకే ఇక్కడ.

మాది మామూలు ఇల్లు. సబ్ కాంట్రాక్ట్ అంటే పెద్ద కంపెనీల వ్యవహారం కదా, మాకెందుకు?

నిజానికి మీ ఇల్లే పూర్తిగా సబ్ కాంట్రాక్టుల మీద నడుస్తుంది. చదరపు అడుగుకు ఇంత అని మాట్లాడుకుని ఒక మేస్త్రీకి లేబర్ కాంట్రాక్ట్ ఇస్తారు. ఆయనకు సొంతంగా ఉండేది ఇటుక కట్టేవాళ్లు, ప్లాస్టరింగ్ చేసేవాళ్లు నలుగురైదుగురు. సెంట్రింగ్, అంటే పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా మోసే రేకులు, వాటి కింద జాకీలు నిలబెట్టే పని, ఇంకొకరిది. రాడ్ కట్టేది మరొకరు. స్లాబ్ రోజున కాంక్రీటు కలిపే యంత్రంతో, అంటే మిల్లర్‌తో వచ్చే గుంపు వేరే. కరెంటు, ప్లంబింగ్, తలుపులు, కిటికీలు, టైల్స్, లప్పం, రంగులు మీరే విడివిడిగా మాట్లాడుకుంటారు. ఇల్లు పూర్తయ్యేలోపు పది మంది మేస్త్రీల దాకా వచ్చిపోతారు. వాళ్లలో ఎవరికీ మీ ఇల్లొక్కటే పని కాదు.

'విత్ మెటీరియల్' (సామానుతో సహా) అని మొత్తం ఒక్కరికే ఇచ్చినా లోపల జరిగేది ఇదే. సంతకం ఒకరిది, సైట్‌కు వచ్చేది పది మంది.

పనులు విడగొట్టి ఇస్తే త్వరగా అవుతుందా, లేటవుతుందా?

ఎవరి పని వాళ్లు మొదలుపెట్టాక త్వరగానే అవుతుంది. రోజూ టైల్స్ మాత్రమే వేసే మనిషి, అన్ని పనులూ కొంచెం కొంచెం తెలిసిన మేస్త్రీ కంటే వేగంగా, నీటుగా వేస్తాడు. లేటయ్యేది ఒకరు వెళ్లిపోయి ఇంకొకరు వచ్చేలోపు. నాలుగు రోజుల టైల్స్ పని నాలుగు రోజుల్లోనే అయిపోతుంది, కానీ దాని కోసం రెండు వారాలు ఎదురు చూస్తారు.

నమ్మకం లేకపోతే సైట్‌లో ఒక నోట్‌బుక్ పెట్టండి. రోజూ ఎవరొచ్చారు, ఎంతమంది వచ్చారు, ఏం చేశారు అని రెండు ముక్కలు రాయండి. రెండు నెలల తర్వాత తిరగేస్తే, 'ఎవరూ రాలేదు' అని రాసిన రోజులే ఎక్కువ బాధపెడతాయి. మేస్త్రీ నెమ్మదిగా చేస్తున్నాడని అందరూ తిడతారు గానీ, చాలా ఇళ్లలో ఆలస్యం ఎవరూ లేని ఆ రోజుల్లోనే ఉంటుంది. మేస్త్రీని తొందరపెడితే ఆ రోజులు తగ్గవు. తర్వాతి మేస్త్రీకి సైట్ సిద్ధంగా ఉంచితే తగ్గుతాయి.

స్లాబ్ 'రేపు, ఎల్లుండి' అంటూ వారం దాటింది. అందరూ ఒప్పుకున్నవాళ్లే. ఎందుకిలా?

ఈ ప్రశ్నకు కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఒక్క స్లాబ్ అర్థమైతే మిగతా షెడ్యూలంతా అర్థమవుతుంది.

సెంట్రింగ్ వాళ్లు జాకీలు నిలబెట్టి, రేకులు పరిచి, లెవెల్ చూసి ఇస్తారు. రాడ్ వాళ్లు వచ్చి కింది కమ్ములు పరిచి కడతారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ రావాలి. ఫ్యాన్ బాక్సులు పెట్టి, కమ్ముల మీదుగా పైపులు లాగాలి. ఆయన పని పూటలో అయిపోతుంది. ఆ పైపుల మీద రాడ్ వాళ్లు పై కమ్ములు కట్టాలి. ప్లంబర్ వచ్చి బాత్రూం పైపులు దిగే చోట్ల ఖాళీ వదలాలి. ఆ తర్వాత ఇంజినీర్ చూడాలి. చూశాక మిల్లర్ గుంపు.

ఎలక్ట్రీషియన్‌కు నార్కెట్‌పల్లిలో ఒక సీలింగ్ పని మిగిలిపోయింది. 'పొద్దున్నే వస్తా సార్' అన్నాడు, రాలేదు. పోయింది ఒక పూటే అనుకుంటాం. కానీ రాడ్ వాళ్లు ఖాళీగా కూర్చోరు, ఇంకో సైట్‌కు పోతారు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి పైపులు లాగిపోయినా, పై కమ్ములు కట్టడానికి రాడ్ వాళ్లు లేరు. వాళ్లు వచ్చేసరికి మూడో రోజు. ఆ రోజుకు మిల్లర్ గుంపు ఇంకొకరికి మాటిచ్చింది. ఈలోపు అమావాస్య వచ్చింది, ఇంటాయన ఆ రోజు వద్దన్నాడు. ఒక పూట కాస్తా వారమైంది. ఎవరిని అడిగినా తప్పు తనది కాదంటారు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

దీనికొక చిన్న లెక్క కూడా ఉంది. ఐదుగురు వేర్వేరు మనుషులు ఒకే తేదీకి సిద్ధం కావాలి. ఒక్కొక్కరు పదిసార్లలో ఎనిమిదిసార్లు మాట నిలబెట్టుకునేవాళ్లే అనుకుందాం, అంటే మంచివాళ్లే. ఐదుగురూ ఒకేసారి మాట నిలబెట్టుకునే అవకాశం మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ. అంటే మూడు స్లాబుల్లో రెండు అనుకున్న రోజు పడవు. మనుషులు చెడ్డవాళ్లు కానక్కర్లేదు, ఎక్కువమంది ఉంటే చాలు.

మరి స్లాబ్ తేదీ ఎలా పెట్టుకోవాలి?

దొరకడం అందరికంటే కష్టమైనవాళ్లు ఎవరో ముందు చూడండి. మన వైపు అది ఎక్కువగా సెంట్రింగ్ సామాను, లేదా స్లాబ్ గుంపు. వాళ్ల తేదీ ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పైపులు, బాక్సులు, బెండ్లు ఎలక్ట్రీషియన్ వచ్చాక కొనడం కాదు, సెంట్రింగ్ మొదలైన రోజే సైట్‌లో ఉండాలి. సగం సార్లు మనిషి వచ్చి 'బాక్సులు లేవు' అని తిరిగిపోతాడు. అది మన తప్పే, ఆయన ఖాతాలో వేస్తాం.

ఫోన్ చేసినప్పుడు 'రేపు వస్తావా?' అని అడగొద్దు. వస్తానంటారు. ముఖం మీద రానని చెప్పడం మన దగ్గర మర్యాద కాదు. 'ఇప్పుడు ఏ సైట్‌లో ఉన్నవ్, అక్కడ ఇంకా ఎంత పని మిగిలింది?' అని అడగండి. ఆ జవాబులో నిజమైన తేదీ దొరుకుతుంది.

రెడీమిక్స్, అంటే ప్లాంటులో కలిపి లారీలో పంపే కాంక్రీటు, తెప్పిస్తే మిల్లర్ గుంపు బాధ తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, ప్లాంటు దగ్గర్లో ఉంటే. రెడీమిక్స్ ప్రమాణం ప్రకారం లారీలో నింపిన రెండు గంటల్లోపు కాంక్రీటు దించాలి. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కో నల్గొండకో వంద కిలోమీటర్లు. ట్రాఫిక్ కలిపి లెక్కేసుకోండి.

సెంట్రింగ్ మేస్త్రీ వారానికే జాకీలు తీస్తానంటున్నాడు. తీయనివ్వాలా?

ఆయన తొందర ఎందుకో ముందు తెలుసుకోండి. ఆయన దగ్గర ఉన్నదే ఒకటో రెండో స్లాబులకు సరిపడే సామాను. అది మీ ఇంటి కింద ఇరుక్కున్నన్ని రోజులు ఇంకో ఇంటి పని ఆగుతుంది. మీ పై అంతస్తు స్లాబ్ కూడా అదే సామాను కోసం చూస్తుంటుంది. మీ షెడ్యూలు, ఆయన ఇంకో కస్టమర్ షెడ్యూలు ఆ రేకుల దగ్గర ముడిపడి ఉంటాయి.

కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్పేది ఇది. మామూలు సిమెంటుతో (ఓపీసీ, బూడిద కలపనిది), 15 డిగ్రీలకు తగ్గని వాతావరణంలో, పిల్లర్ల పక్క రేకులు 16 నుంచి 24 గంటల తర్వాత తీయొచ్చు. స్లాబ్ కింది రేకులు మూడు రోజులకు తీయొచ్చు, కానీ వెంటనే కింద జాకీలు మళ్లీ పెట్టాలి. ఆ జాకీలు, స్లాబ్ ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్లలోపు ఉంటే 7 రోజులు, దాటితే 14 రోజులు ఉండాలి. బీముల కింద ఆరు మీటర్లలోపు 14 రోజులు, దాటితే 21 రోజులు.

చిన్న గదులకు మేస్త్రీ చెప్పిన వారం సరిపోవచ్చు. హాలు, బీములకు సరిపోదు. అదీగాక మన దగ్గర ఎక్కువగా వాడేది పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటు. దానికి బలం నిదానంగా వస్తుంది, కాబట్టి ఇంకొన్ని రోజులు ఆగడం మంచిది. ఈ రోజులు తగ్గించుకోవడానికి దారి ముందుగా తీయడం కాదు. బీముల కింద జాకీలు వదిలేసి రేకులు మాత్రం తీసుకుపోవడానికి మొదట్లోనే ఒప్పుకోవడం, ఆ జాకీలకు అద్దె ఎవరిదో అప్పుడే తేల్చుకోవడం. ఇది మాట్లాడుకోనందువల్లే చివర్లో గొడవ.

ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. ఊళ్లో అందరిదీ ఒకేసారి నడుస్తోంది, మేస్త్రీ దొరకడం లేదు.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. ఐదు లక్షల సాయం దశలవారీగా వస్తుంది: బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, ఆ తర్వాత ఇల్లు పూర్తి. దాంతో ఊళ్లో ఇళ్లన్నీ ఒకే దశలో కలిసి నడుస్తాయి. అందరికీ ఒకేసారి ముగ్గు పోయాలి, ఒకేసారి సెంట్రింగ్ కావాలి. ఊళ్లో ఉన్న ఇద్దరు మేస్త్రీలు ఎవరినీ కాదనకుండా పది ఇళ్లు ఒప్పుకుంటారు. ప్రతి ఇంట్లో రెండు రోజులు పనిచేసి, బిల్లు వచ్చేంత అయ్యాక ఇంకో ఇంటికి పోతారు.

పక్క పక్క ఇళ్లవాళ్లు నలుగురు మాట్లాడుకుని వరస పెట్టుకోవడం ఇక్కడ బాగా పనిచేస్తుంది. నాలుగు స్లాబులు ఒకే సెంట్రింగ్ సెట్‌తో వరసగా వేస్తారు. మేస్త్రీకి తిరుగుడు తప్పుతుంది, సామాను ఊళ్లోనే ఉంటుంది, మిల్లర్ రవాణా ఖర్చు పంచుకోవచ్చు. ఎవరిది ముందు అన్న దగ్గరే పంచాయితీ వస్తుంది. చీటీలు వేసుకున్న ఊళ్లూ ఉన్నాయి.

పాలమూరు జిల్లా అంటేనే లేబర్ అంటారు. మరి ఇక్కడే లేబర్ కొరత ఏంటి?

పాలమూరు గుంపులు దేశమంతా తిరిగి డ్యాములు, కాల్వలు, రోడ్లు కట్టాయి. ముంబై, పుణె సైట్లలో ఇప్పటికీ ఉన్నారు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయే పద్ధతి ఇక్కడ తరతరాలుగా ఉంది. కాబట్టి పని తెలిసిన చేతులు ఎక్కడ కూలీ ఎక్కువో అక్కడికి పోతాయి. ఇక్కడి టైల్స్, సెంట్రింగ్, లప్పం పనులకు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు.

షెడ్యూలు వేసేటప్పుడు దీని అర్థం ఏంటంటే, మీ సైట్‌లో ఒకే క్యాలెండర్ నడవదు. మూడు నడుస్తాయి.

మొదటిది పొలం. జులై, ఆగస్టుల్లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లొదిలితే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు నాట్లు మొదలవుతాయి, సైట్‌లో ఆడ కూలీలు కనపడరు. యాసంగి నాట్లకు డిసెంబరు, జనవరిలో మళ్లీ అదే కథ. అక్టోబరు నుంచి పత్తి ఏరడం. ఇసుక, ఇటుక మోసే చేతులు లేకపోతే మేస్త్రీ ఉన్నా పని సాగదు.

రెండోది పండుగలు, జాతరలు. బతుకమ్మ, దసరాకు సైట్ ఖాళీ, అది అందరికీ తెలిసిందే. కురుమూర్తి జాతర, చెర్వుగట్టు, పెద్దగట్టు లాంటివి ఊరిని బట్టి ఉంటాయి. వేరే ఊరి ఇంజినీర్లు వీటిని షెడ్యూల్లో పెట్టరు, తర్వాత ఆశ్చర్యపోతారు.

మూడోది ఉత్తరాది వాళ్లది. హోలీకి, దీపావళి తర్వాత వచ్చే ఛఠ్‌కు పోతారు. పోయి వారంలో రారు, నెల పడుతుంది. కొందరు అసలే రారు, వాళ్ల తమ్ముళ్లు వస్తారు. టైల్స్ పని దీపావళికి అటూ ఇటూ పెట్టుకుంటే ఈ సంగతి ముందే అడగండి. టికెట్ ఎప్పుడు బుక్ చేశారో వాళ్లకు బాగా తెలుసు, మీరు అడిగితే చెప్తారు.

వీటికి ఎండాకాలం కూడా కలపాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పని జరగదు. కాంక్రీటును తడిపి ఉంచే క్యూరింగ్‌కు మామూలు సిమెంటైతే 7 రోజులు చాలంటారు గానీ, వేడి, పొడి వాతావరణంలో కనీసం 10 రోజులని ఐఎస్ 456 అంటుంది. మన ఎండలు ఆ లెక్కలోకే వస్తాయి. బోరు ఎండిపోతే ట్యాంకర్ కోసం ఎదురుచూపు. స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపడం ఎవరి పని అన్నది లేబర్ కాంట్రాక్టులో రాసి ఉండదు. చివరికి ఇంటాయన తండ్రి పైపు పట్టుకుంటాడు.

ముహూర్తాలు షెడ్యూలును పాడుచేస్తాయా?

మిగతా తేదీలన్నీ వెనక్కి జరుగుతాయి, ముహూర్తం మాత్రం కదలదు. అందుకే అది ఉపయోగపడుతుంది కూడా. దర్వాజ ఎత్తే ముహూర్తం ఉందంటే వడ్రంగి ఆ రోజుకు ఎలాగైనా తెస్తాడు. వేరే ఏ బెదిరింపుకూ అంత బలం లేదు. ముహూర్తానికి వారం ముందే దర్వాజ సైట్‌లో ఉండాలని వడ్రంగితో మాట్లాడుకోండి.

చిక్కు గృహప్రవేశంతో వస్తుంది. మంచి రోజులు అయిపోతాయని పెయింటర్, టైల్స్, ఎలక్ట్రీషియన్ ముగ్గురినీ ఒకే వారంలో ఇంట్లో కుక్కుతారు. తడి గోడ మీద లప్పం, లప్పం మీద దుమ్ము, కొత్త టైల్స్ మీద రంగు మరకలు. పాలు పొంగించాక రెండు నెలలు మళ్లీ వాళ్లే వచ్చి సరిచేయాలి, రారు.

చిన్న పనే కదా, బాత్రూం ఎందుకంత లేటు?

ఇంట్లో అన్నిటికంటే చిన్న గది అదే, ఎక్కువ మంది మేస్త్రీలు దూరే గదీ అదే. వరస చూడండి. మేస్త్రీ గోడ కడతాడు. ప్లంబర్ గాడి కొట్టి పైపులు బిగిస్తాడు. ఎలక్ట్రీషియన్ గీజర్ పాయింటు లాగుతాడు. పైపుల్లో నీళ్లు ఒత్తిడి పెట్టి లీకు చూడాలి. మేస్త్రీ మళ్లీ వచ్చి గాడులు పూడ్చి ప్లాస్టర్ చేస్తాడు. వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు పూత వేస్తారు, ఆరాక నీళ్లు నిలబెట్టి కనీసం ఒక రోజు చూడాలి. అప్పుడు టైల్స్. తర్వాత తలుపు. తర్వాత ప్లంబర్ రెండోసారి వచ్చి కుళాయిలు, కమోడ్ బిగిస్తాడు. చివర్లో పెయింటర్.

పది అడుగులు వేయలేని గదిలో ఒకేసారి ఇద్దరు పనిచేయలేరు. ఒక్కొక్కరి పని పూట, రెండు పూటలు. పూట పని కోసం ఎవరూ ప్రత్యేకంగా మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్లకు రారు. నాలుగు బాత్రూంల పని ఒకేసారి ఉంటే వస్తారు. కాబట్టి ఇంట్లో బాత్రూంలన్నీ ఒకే దశలో నడపండి, ఒకదాన్ని పూర్తిచేసి ఇంకోటి మొదలుపెట్టడం ఇక్కడ పనికిరాదు. అపార్ట్‌మెంట్లో అయితే ఇది తిరగబడుతుంది. అక్కడ అంతస్తు తర్వాత అంతస్తుగా ఒక మేస్త్రీ వెనక ఇంకో మేస్త్రీ కదలాలి, మధ్యలో ఎప్పుడూ ఒక అంతస్తు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ అంతస్తు చూసి ఓనరుకు టెన్షన్ వస్తుంది. అది వృథా కాదు, ముందున్నవాడు రెండు రోజులు ఆలస్యమైనా వెనకవాడు నిలిచిపోకుండా అదే కాపాడుతుంది.

పైసలు ఎప్పుడు, ఎంత ఇస్తే పని ఆగకుండా నడుస్తుంది?

చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్ట్ ఇచ్చినప్పుడు బేస్‌మెంట్, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్ అని దశలుగా చెల్లింపు పెట్టుకుంటారు. స్లాబ్ దగ్గర మేస్త్రీ పెద్ద మొత్తం అడుగుతాడు, పడిన సంతోషంలో మనమూ ఇస్తాం, పైన దావత్. అక్కడే చిక్కు. మేస్త్రీకి లాభం స్లాబ్ దాకానే. ఆ తర్వాత ప్లాస్టరింగ్, మెట్ల అంచులు, సన్‌షేడ్లు, చిల్లర పనుల్లో కూలీ ఎక్కువ పడుతుంది, మిగిలేది తక్కువ. డబ్బు చేతికొచ్చాక చిల్లర పని కోసం ఆయన ఎందుకు ఆగుతాడు? కొత్త ఇంటి బేస్‌మెంట్ పిలుస్తుంటే అటు పోతాడు. చివరి పది శాతం పని నెలల తరబడి నడవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

కాబట్టి మొదటి దశలు కొంచెం తగ్గించి, చివరి దశలకు పని విలువ కంటే కాస్త ఎక్కువే ఉంచండి. కానీ వారం కూలీ మాత్రం ఆపొద్దు. అంగడి రోజు కూలీలకు డబ్బు అందకపోతే మర్నాడు వాళ్లు కూలీ అడ్డా మీద ఉంటారు, మీ సైట్‌లో ఉండరు. మేస్త్రీకి బిల్లు ఆపడం వేరు, ఆయన మనుషులకు కూలీ ఆగడం వేరు. ఓనర్లు మొదటిది చేస్తున్నామనుకుని రెండోది చేస్తుంటారు.

సబ్ కాంట్రాక్టర్ కింద ఇంకో సబ్ కాంట్రాక్టర్ ఉంటే?

కాలేజీ బిల్డింగులు, ఆసుపత్రులు, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. పెద్ద కాంట్రాక్టర్, ఆయన కింద లేబర్ కాంట్రాక్టర్, ఆయన దగ్గర గుత్తకు తీసుకున్న చిన్న మేస్త్రీ, ఆయన కింద గుంపు. కబురు కిందికి దిగడానికి ఒక్కో మెట్టు దగ్గర ఆలస్యం, డబ్బు దిగడానికి ఇంకా ఆలస్యం. డ్రాయింగ్ మారిన సంగతి గుంపుకు చేరేసరికి పాత కొలతతో గోడ లేచిపోయి ఉంటుంది. దాన్ని పగలగొట్టి మళ్లీ కట్టడం ఏ షెడ్యూల్లోనూ ఉండదు.

మధ్యలో ఒకరు కూలీ ఎగ్గొడితే సైట్ మొత్తం ఆగుతుంది. పెద్ద సైట్ల విషయంలో 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం దగ్గర్నుంచి కొత్త లేబర్ కోడ్ దాకా నియమం ఒక్కటే: కాంట్రాక్టర్ కూలీ ఇవ్వకపోతే అసలు యజమాని ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. కాబట్టి రెండు మెట్లకు మించి పని కిందికి పోకూడదని మొదటే రాసుకోండి. కింద ఎవరున్నారో పేర్లు తెలియకపోతే వాళ్ల తేదీలు కూడా మీకు తెలియవు.

ప్రభుత్వ పనుల్లో?

టెండరు దక్కించుకున్నవాళ్లు రాతపూర్వక అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదని ఒప్పందాల్లో ఉంటుంది. జరిగేది మీకూ తెలుసు. బిల్లు లేటైతే ఆ లేటు కింది మేస్త్రీ దాకా పోతుంది, ఆయన ప్రైవేటు ఇంటి పనికి పోతాడు. స్కూలు గది పిల్లర్ల దగ్గర ఆగిపోతుంది.

అపార్ట్‌మెంట్ బుక్ చేశాం. 'సబ్ కాంట్రాక్టర్ వెళ్లిపోయాడు, అందుకే లేటు' అంటున్నాడు బిల్డర్. చెల్లుతుందా?

చెల్లదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్) చట్టం కింద గడువుకు బాధ్యత ప్రమోటర్, అంటే బిల్డర్‌దే. యుద్ధం, లేదా వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం లాంటి విపత్తులు వస్తే గడువు పొడిగించడానికి సెక్షన్ 6 వీలిస్తుంది. మేస్త్రీ పారిపోవడం ఆ జాబితాలో లేదు. గడువు దాటితే సెక్షన్ 18 కింద డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఫ్లాట్ ఉంచుకుని నెలనెలా వడ్డీ అడగొచ్చు. అయితే ప్రాజెక్టు రిజిస్టర్ కావాల్సినదై ఉండాలి, అంటే స్థలం 500 చదరపు మీటర్లు లేదా ఫ్లాట్లు ఎనిమిది దాటి ఉండాలి. జిల్లా టౌన్లలో చిన్న అపార్ట్‌మెంట్లు ఈ గీత కిందే ఆగుతాయి, బుక్ చేసేముందు చూసుకోండి.

లేటైతే రోజుకు ఇంత జరిమానా అని మేస్త్రీతో బాండు పేపరు మీద రాసుకుంటే?

రాసుకోండి, కానీ దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం, రాసిన మొత్తం పై హద్దు మాత్రమే. ఆ లోపు సమంజసమైన పరిహారమే వస్తుంది. సెక్షన్ 55లో ఇంకో మెలిక ఉంది. గడువు ముఖ్యమని రాసుకున్నా, లేటుగా చేసిన పనిని మీరు ఏమీ అనకుండా ఒప్పుకుంటే, తర్వాత పరిహారం అడగలేరు. ఒప్పుకునేటప్పుడే 'పరిహారం అడుగుతాను' అని తెలియజేసి ఉండాలి. ఒక వాట్సాప్ మెసేజ్ అయినా పెట్టి ఉంచండి.

ఊళ్లో మేస్త్రీ మీద ఎవరూ కోర్టుకు పోరు. అందుకే నేనైతే జరిమానా కంటే, అనుకున్న తేదీకి ముందు పూర్తిచేస్తే చిన్న బహుమానం రాయమంటాను. మేస్త్రీకి ఎదురుగా కనిపించే డబ్బు అది.

కంప్యూటర్‌లో బార్ చార్ట్ (పనుల తేదీల పట్టిక) వేసి, క్రిటికల్ పాత్ (ఆలస్యమైతే మొత్తం పనిని ఆలస్యం చేసే పనుల వరస) తీశాం. అయినా తేదీలు తప్పుతున్నాయి.

క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ రసాయన కంపెనీ కోసం తయారైంది. పనుల వరస అది బాగా చూపిస్తుంది. మనుషులు మీ చేతిలో ఉన్నారనే నమ్మకం మీద మాత్రం నిలబడుతుంది. పిలిస్తే వచ్చే సొంత మనుషులుంటే సరే, సబ్ కాంట్రాక్టర్లతో ఆ నమ్మకం ఉండదు. చార్టులో 'ఫ్లోట్ ఐదు రోజులు' (ఐదు రోజులు లేటైనా మొత్తం పని ఆగదు) అని కనపడగానే, ఆ ఐదు రోజులు మొదట వచ్చిన మేస్త్రీ వాడేసుకుంటాడు. తర్వాతివాళ్లకు ఏమీ మిగలదు.

నిర్మాణ రంగంలో ఒక పాచికల ఆట ఆడిస్తారు. వరసగా కూర్చున్న ఒక్కొక్కరూ ఒక్కో సబ్ కాంట్రాక్టర్. పాచిక పడినన్ని యూనిట్లు పూర్తిచేసి పక్కవాళ్లకు అందించాలి, ముందువాళ్లు ఇచ్చినదానికంటే ఎక్కువ చేయలేరు. ఒక జట్టు పాచికలో 4, 6 మాత్రమే. ఇంకో జట్టు పాచికలో 1, 9. సగటు రెండింటిలోనూ 5. కానీ 1, 9 జట్టు చాలా వెనకబడుతుంది. 1 పడితే వెనకున్నవాళ్లందరూ ఖాళీ, 9 పడినా ముందు నుంచి సరుకు రాలేదు కాబట్టి ఉపయోగం లేదు. ఒకరోజు పదహారు మందితో వచ్చి మూడు రోజులు మాయమయ్యే మేస్త్రీ కంటే, రోజూ నలుగురితో వచ్చే మేస్త్రీ మేలు. సగటు ఒకటే అయినా.

చార్టు ఉంచుకోండి. దానితో పాటు వారానికోసారి, సోమవారం పొద్దున టీ దగ్గర, మేస్త్రీలందరినీ నిలబెట్టి వచ్చే వారం ఎవరు ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. మీరు తేదీ చెప్పి వాళ్లు తలూపడం వేరు, ఎలక్ట్రీషియన్ ముందు రాడ్ మేస్త్రీ తన తేదీ తను చెప్పడం వేరు. మరుసటి వారం, చెప్పిన పనుల్లో ఎన్ని అయ్యాయో లెక్కపెట్టండి. 1990లలో అమెరికాలో ఇలా లెక్క తీసినప్పుడు సగానికి కాస్త పైనే తేలింది. మీ సైట్‌లోనూ సగం దగ్గర తేలితే కంగారు పడొద్దు. పూర్తి కాని ప్రతి పనికీ కారణం ఒక్క ముక్కలో రాసుకోండి: సామాను లేదు, ముందు పని కాలేదు, మనుషులు రాలేదు, డ్రాయింగ్ లేదు. నాలుగు వారాల్లో ఏ కారణం మళ్లీ మళ్లీ వస్తుందో కనపడుతుంది. 'మనుషులు రాలేదు' కంటే 'సామాను లేదు' ఎక్కువసార్లు వచ్చిన సైట్లు చూశాను.

మధ్యలో మేస్త్రీని మార్చాల్సి వస్తే?

ఫోన్ ఎత్తడం మానేశాడంటే మార్చడం మంచిదే, కానీ మార్చడానికి కూడా రోజులు పడతాయని లెక్కలో పెట్టుకోండి. ముందు ఇద్దరు తెలిసినవాళ్ల ఎదుట కొలతలు తీయండి. ఎంత పనైంది, ఎంత ముట్టింది, ఎవరికి ఎంత బాకీ అన్నది కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పాత మేస్త్రీ లెక్క తేలకుండా కొత్తాయన రాడు. వచ్చినా పక్క ఊరి మేస్త్రీల మధ్య మాట పోతుంది, మూడో ఆయన అసలే రాడు.

కొత్తాయన వచ్చిన మొదటి రోజు పాత పనిలో వంకలు పెడతాడు. 'గోడ లెవెల్ లేదు, పగలగొట్టాలి' అంటాడు. కొన్ని నిజమే, కొన్ని రేటు పెంచడానికి. తూనిక గుండు, లెవెల్ పైపు పట్టించి మీ ఎదుటే చూపించమనండి. ఎలక్ట్రీషియన్, ప్లంబర్ మారేటప్పుడైతే గోడల్లో, స్లాబులో పైపులు ఎటు పోయాయో ఫొటోలు మీ దగ్గర ఉండాలి, టేపు పక్కన పెట్టి తీసినవి. ప్లాస్టరింగ్ కాకముందే, కాంక్రీటు పోయకముందే తీసి పెట్టుకోండి.